కుక్కతో ఆర్వీలో నైరుతి ఎడారి యాత్ర: ఫీనిక్స్ నుంచి ఫీనిక్స్ దాకా సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పరిసరాల్లో ఉంటున్న మా కుటుంబం కొన్నేళ్లుగా ఏటా ఒకసారి ఆర్వీ (పడకలు, వంటగది ఉన్న ఇంటిబండి) అద్దెకు తీసుకుని, ముప్ఫై కిలోల బరువున్న మా కుక్క బంటిని వెంటబెట్టుకుని ఎడారి ప్రాంతాలు తిరిగి వస్తోంది. మొదటిసారి బయలుదేరే ముందు చూడవలసిన చోట్ల జాబితా రాసుకున్నాము. ఇప్పుడు అన్నిటికన్నా ముందు రాసుకునేది ఏ రోజు ఏ వేళ బంటి దగ్గర ఎవరుంటారన్నది. ఎడారిలో కుక్కతో తిరిగేవారికి ఆర్వీ మొదట నీడ, ఆ తరువాతే వాహనం. ఆ నీడను చల్లగా నిలబెట్టుకోవడం చేతనైతే మిగతా యాత్ర దాదాపు దానంతటదే సాగిపోతుంది కనుక, ఈ వ్యాసంలో చూడదగ్గ దృశ్యాల కంటే ఏసీ గురించి, నీళ్ల గురించి, నేల వేడి గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఇక్కడ వివరించే దారి ఫీనిక్స్‌లో మొదలై టూసాన్, లాస్ క్రూసెస్, వైట్ శాండ్స్, ఆల్బుకర్కీ, పెట్రిఫైడ్ ఫారెస్ట్, గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్ (లోయ దక్షిణపు అంచు) మీదుగా తిరిగి ఫీనిక్స్ చేరుతుంది. మొత్తం సుమారు 1,300 మైళ్లు. పది పన్నెండు రోజులు పెట్టుకుంటే హడావిడి ఉండదు.

మొదటి దశ: కాలం నిర్ణయించుకోవడం

ఈ దారికి అనువైన కాలాలు రెండే: అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు ఒకటి, మార్చి నుంచి ఏప్రిల్ మధ్య వరకు రెండోది. వేసవిలో ఫీనిక్స్‌లో ఉష్ణోగ్రత 110 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 43 సెల్సియస్ దాటడం మామూలు. విజయవాడ, రామగుండం ఎండలు చూసినవారికి ఈ అంకె కొత్త కాకపోవచ్చు గాని, బొచ్చుకోటు వేసుకుని, చెప్పులు లేకుండా తారురోడ్డు మీద నడిచే జీవితో ఆ ఎండలో ప్రయాణం పెట్టుకోకూడదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 వరకు ఇక్కడ వర్షాకాలం; మన్సూన్ అనే పిలుస్తారు. కొద్ది నిమిషాల్లో ఎండిన వాగులు పొంగడం, దుమ్ము తుపానులు లేవడం ఆ నెలల్లోనే ఎక్కువ.

కాలంతో పాటు ఎత్తును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తున, వైట్ శాండ్స్ సుమారు 4,000 అడుగుల ఎత్తున, ఫ్లాగ్‌స్టాఫ్, సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉన్నాయి. అందువల్ల ఒకే వారంలో టూసాన్‌లో మధ్యాహ్నం ఏసీ, గ్రాండ్ కేనియన్‌లో రాత్రి హీటరు రెండూ అవసరమవుతాయి. నవంబరులో సౌత్ రిమ్ రాత్రులు నీళ్లు గడ్డకట్టేంత చల్లగా ఉంటాయి కనుక అక్కడ బయటి నీటి గొట్టాన్ని రాత్రికి విప్పి లోపల పెట్టుకోవాలి. మేము అక్టోబరు చివరి వారాన్నే ఇష్టపడతాము. మార్చి, ఏప్రిల్ నెలల్లో న్యూమెక్సికోలో వీచే గాలి ఎత్తైన బండిని పక్కకు నెట్టేస్తూ నడిపేవారి భుజాలు పీకేలా చేస్తుంది.

రెండవ దశ: కుక్కకు అనుమతి ఉన్న చోట్లను బట్టి దారి వేసుకోవడం

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అమెరికా జాతీయ పార్కుల్లో చాలా వాటిలో కుక్కలను రోడ్లు, పార్కింగు స్థలాలు, క్యాంపుగ్రౌండ్లు, పిక్నిక్ ప్రాంతాలు దాటి తీసుకువెళ్లనివ్వరు. నడకదారుల్లోకి ప్రవేశం ఉండదు. ఉటాలోని ఆర్చెస్, కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ ఈ కోవలోవే. అక్కడికి కుక్కతో వెళితే ఇంట్లో ఒకరు ఎప్పుడూ బండిలోనే కూర్చోవాలి. అనుమతి ఉన్న చోట కూడా లీషు (కుక్కను పట్టుకునే తాడు) పొడవు ఆరడుగులు మించకూడదు. ముడుచుకునే పొడవాటి లీషులు ఇంట్లోనే వదిలివేయడం మంచిది. కుక్కను ఎక్కడో కట్టేసి వెళ్లిపోవడం పార్కుల్లో నిషిద్ధం.

నేను ఈ దారిని సిఫారసు చేయడానికి కారణం ఇందులో కుక్కకు నిజంగా స్వాగతం ఉన్న పార్కులు ఉండడమే. పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో లీషుతో నడకదారులన్నిటికీ తీసుకువెళ్లవచ్చు. వైట్ శాండ్స్‌లో ఇసుక దిబ్బల మీదకు తీసుకువెళ్లవచ్చు. గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్‌లో అంచు మీద ఉన్న దారులన్నిటికీ అనుమతి ఉంది, లోయలోకి దిగే దారులకు లేదు. టూసాన్ దగ్గరి సవారో జాతీయ పార్కులో మాత్రం తారు వేసిన రెండు చిన్న దారులు, రోడ్లు తప్ప మరేమీ లేవు. ఉటాను తప్పనిసరిగా చూడాలనుకునేవారికి జయన్‌లోని పారూస్ దారి, మోయాబ్ దగ్గరి డెడ్ హార్స్ పాయింట్ స్టేట్ పార్కు కొంత ఊరట. మొత్తం మీద జాతీయ పార్కుల కంటే స్టేట్ పార్కులు కుక్కల విషయంలో ఉదారంగా ఉంటాయి. విద్యుత్తు హుకప్ (బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు) ఉన్న క్యాంపు స్థలాలు కూడా వాటిలో ఎక్కువ కనుక రాత్రి మజిలీలకు ముందుగా వాటినే వెతకాలి.

మూడవ దశ: బండి ఎంపిక

ఇద్దరు పెద్దలు, ఒకరిద్దరు పిల్లలు, ఒక కుక్క ఉన్న కుటుంబానికి 22 నుంచి 25 అడుగుల క్లాస్ సి బండి (మధ్యరకం ఆర్వీ) సరిపోతుంది. ముప్ఫై అడుగుల లోపు ఉంటే గ్రాండ్ కేనియన్‌లోని మేదర్ క్యాంపుగ్రౌండ్‌లోనూ పడుతుంది. అద్దె ఒప్పందంలో మూడు సంగతులు చూసుకోవాలి: కుక్కకు విడిగా రుసుము ఎంత, తిరిగి ఇచ్చాక బొచ్చు కనిపిస్తే శుభ్రత కింద ఎంత పట్టుకుంటారు, జనరేటరును గంటల లెక్కన వసూలు చేస్తారా. ఎడారిలో జనరేటరు అవసరం ఎప్పుడు పడుతుందో చెప్పలేము కనుక మూడోది చిన్న విషయం కాదు. మీ కారు బీమా అద్దె ఆర్వీకి వర్తిస్తుందని అనుకోకుండా కంపెనీని అడిగి తెలుసుకోవాలి.

బండి చేతికి వచ్చిన రోజున టైరు పక్కన డాట్ అనే అక్షరాల తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలు చదవండి. మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. ఆర్వీ టైర్లు అరిగిపోక ముందే ఎండకు ముసలివైపోతాయి. ఆరేడేళ్లు దాటినవి కనిపిస్తే వేరే బండి అడగడానికి మొహమాటపడవద్దు. పెట్రోలు ఖర్చుకు గ్యాలనుకు ఎనిమిది నుంచి పది మైళ్లు లెక్క వేసుకుంటే ఈ మొత్తం దారికి 130 నుంచి 160 గ్యాలన్లు పడుతుంది.

నాలుగవ దశ: పశువైద్యులు, కాగితాలు

బయలుదేరడానికి నెల ముందే పశువైద్యుల దగ్గరకు వెళ్లి రేబిస్ టీకా ధ్రువపత్రం తీసుకోవాలి. క్యాంపుగ్రౌండ్లలో అడగవచ్చు, గ్రాండ్ కేనియన్ కెన్నెల్‌లో (కుక్కలను పూటకు వదిలి వెళ్లే చోటు) టీకాల రుజువు తప్పనిసరి. ఫ్లీలు అనే గెంతే చిన్న పురుగులు, గోమార్ల మందు తప్పకుండా వేయించాలి. న్యూమెక్సికో, ఉత్తర అరిజోనాల్లో ప్రెయిరీ డాగ్ వంటి జంతువుల మీది ఫ్లీల వల్ల ప్లేగు ఇప్పటికీ అడపాదడపా కనిపిస్తూనే ఉంది కనుక ఇది మామూలు జాగ్రత్త కంటే ఎక్కువ. మూతి చప్పిడిగా ఉండే పగ్, బుల్‌డాగ్ వంటి జాతులను, ముసలి కుక్కలను, గుండెజబ్బు ఉన్నవాటిని ఈ ప్రయాణానికి తీసుకువెళ్లవచ్చునా అని నిర్మొహమాటంగా అడగాలి.

కుక్క కాగితాలతో పాటు మన కాగితాలూ ఉండాలి. దక్షిణ అరిజోనాలోను, లాస్ క్రూసెస్ చుట్టుపక్కల రహదారుల మీదా బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలు ఉన్నాయి. పౌరసత్వం లేని పద్దెనిమిదేళ్లు నిండినవారు గ్రీన్ కార్డు గాని, ఐ-94, పాస్‌పోర్టు గాని దగ్గర ఉంచుకోవడం చట్టరీత్యా అవసరం. హెచ్-1బి మీద ఉన్నవారు, సందర్శక వీసాపై వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకువెళ్లేవారు వాటిని పెట్టె అడుగున కాకుండా ముందు సీటు దగ్గర పెట్టుకోవాలి. అక్కడ శిక్షణ పొందిన కుక్కలు బండ్ల మధ్య తిరుగుతుంటాయి. వాటిని చూసి మీ కుక్క గొంతు చించుకోకుండా ముందే కిటికీ తెర దించి, ఒక బిస్కెట్టు నోట్లో పెట్టడం మా అలవాటు.

ఈ దారిని పడమరకు పొడిగించి కాలిఫోర్నియాలోకి వెళ్లేవారికి ఒక మాట. సరిహద్దులో వ్యవసాయ తనిఖీ ఉంటుంది. నిమ్మజాతి చెట్లను పాడుచేసే పురుగు కరివేపాకు మొక్కను కూడా ఆశ్రయిస్తుంది కనుక తాజా కరివేపాకు, పండ్లు ఉంటే దాచకుండా చెప్పండి. పోపులోకి కావాలంటే వేయించి పొడి చేసి పెట్టుకోవడం మేలు.

ఐదవ దశ: సామాను

నీళ్లతో మొదలుపెట్టాలి. కుక్కకు రోజుకు కిలో బరువుకు సుమారు 60 మిల్లీలీటర్ల నీరు కావాలి. ముప్ఫై కిలోల బంటికి అది రెండు లీటర్లకు కొంచెం తక్కువ. ఎడారి పొడిగాలికి ఆ లెక్కను రెట్టింపు చేసుకుని రోజుకు నాలుగు లీటర్లు, మనుషులకు తలకు ఒక గ్యాలను చొప్పున పెట్టుకుంటాము. కొన్ని కుక్కలు కొత్త ఊరి నీళ్ల రుచి నచ్చక గిన్నె వాసన చూసి వెళ్లిపోతాయి; మొదటి రోజులకు ఇంటి నీళ్లు కొన్ని క్యాన్లలో తెచ్చుకుని కొత్త నీళ్లతో కలుపుతూ అలవాటు చేయాలి.

పెద్ద పళ్ల దువ్వెన, పట్టకారు, చిన్న చిమ్టా ఒక సంచిలో వేసి తలుపు పక్కనే తగిలించండి. ఎందుకో ఎనిమిదవ దశలో చెబుతాను. కుక్క బూట్లు, మెడకు తగిలించే చిన్న దీపం, ఆసన థర్మామీటరు, తడిపి కప్పడానికి నాలుగు తువ్వాళ్లు, ఫోటోతో ఉన్న గుర్తింపు బిళ్ల, ప్రయాణంలో కట్టేందుకు సీటు బెల్టుకు తగిలే హార్నెస్ లేదా నేలకు బిగించిన క్రేటు కూడా కావాలి. ఆర్వీ ఇల్లులా ఉంటుంది కదా అని నడుస్తున్న బండిలో కుక్కను వదిలిపెట్టకూడదు. గట్టిగా బ్రేకు వేస్తే వంటగిన్నెలతో పాటు అదీ ముందుకు ఎగురుతుంది.

మన వంట విషయంలో ఒక హెచ్చరిక. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కకు విషం. చిన్న బండిలో పళ్లాలన్నీ దాని మూతి ఎత్తులోనే ఉంటాయి. పులుసులోని ఉల్లిముక్క, పాయసంలోని కిస్‌మిస్ దానికి అందకుండా తినడం ముగియగానే గిన్నెలు సింకులోకి చేర్చాలి. పోపు వేయని పెరుగన్నం మాత్రం మా బంటికి ఎండ పూట పరమాన్నం.

ఆరవ దశ: చల్లదనాన్ని నిలబెట్టడం

ఎడారిలో కుక్కకు అసలు ప్రమాదం పాముల వల్ల కాదు, కరెంటు పోవడం వల్ల. ఆగి ఉన్న కారులో వేడి ఎలా పెరుగుతుందో అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ ఇచ్చే పట్టిక చూడండి: బయట 75 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న హాయైన రోజున కూడా లోపల పది నిమిషాల్లో 94, అరగంటలో 109 డిగ్రీలకు చేరుతుంది. ఆర్వీ గోడలు కాస్త మందంగా ఉన్నా ఎండలో నిలిపి ఏసీ ఆగితే అదీ పొయ్యే.

అద్దె బండ్లలో ఎక్కువ భాగం 30 ఆంపియర్ల సరఫరాపై నడుస్తాయి. 120 వోల్టుల దగ్గర అది 3,600 వాట్లు. పైకప్పు ఏసీ ఒక్కటే సుమారు 1,500 వాట్లు తీసుకుంటుంది. మిగిలినదానిలో మైక్రోవేవ్, విద్యుత్ వాటర్ హీటరు, ఇన్‌స్టంట్ పాట్ మూడూ ఒకేసారి పట్టవు. మేము ఈ లెక్క చదువుకుని తెలుసుకోలేదు. టూసాన్ దగ్గర ఒక మధ్యాహ్నం పప్పుకు ఇన్‌స్టంట్ పాట్ పెట్టి, వాటర్ హీటరు ఆపడం మరచి, బంటిని లోపల వదిలి స్నానాల గదుల వైపు వెళ్లాము. ఇరవై నిమిషాల తరువాత తిరిగి వస్తుంటే ఏసీ హోరు వినిపించలేదు. తలుపు తీయగానే ముఖానికి వేడి కొట్టింది. గోడ మీది థర్మామీటరు 93 చూపుతోంది. బంటి స్నానాల గది నేల మీద నాలుక చాచి పడుకుని ఉంది, పప్పు సగం ఉడికి ఉంది, బ్రేకరు కిందికి వాలి ఉంది. తప్పు పూర్తిగా మాదే. తడి తువ్వాళ్లతో పావుగంటలో బంటి తేరుకుంది గాని, ఆ రోజు నుంచి కుక్క లోపల ఒంటరిగా ఉన్నప్పుడు వంట ఏదీ పొయ్యి మీద ఉండకూడదని నియమం పెట్టుకున్నాము.

కరెంటు మన తప్పు లేకుండా కూడా పోతుంది. వేడి సాయంత్రాల్లో పార్కులోని బండ్లన్నీ ఏసీలు వేసేసరికి వోల్టేజి పడిపోతుంది. మంచి సర్జ్ ప్రొటెక్టరు వోల్టేజి మరీ తగ్గితే ఏసీ కాలిపోకుండా సరఫరాను తానే తెంచివేస్తుంది. బండికి రక్షణ కల్పించిన ఆ క్షణంలోనే అది లోపలున్న కుక్కకు చల్లదనం లేకుండా చేస్తుందన్న సంగతి చాలామంది గుర్తించరు. అందుకే ప్రొటెక్టరుతో పాటు ఉష్ణోగ్రత మానిటరు ఉండి తీరాలి. అది సొంత బ్యాటరీ మీద, సెల్యులార్ సిమ్ మీద పనిచేసేదై ఉండాలి. వైఫై కెమెరా అయితే కరెంటుతో పాటే మూగబోతుంది. ఫోనుకు సిగ్నల్ అందని చోట ఈ మానిటరు కూడా ఉత్త అలంకారమే కనుక, అలాంటి క్యాంపులో కుక్కను ఒంటరిగా వదలకూడదు.

ఇంటి ముందు బండి నిలిపినప్పుడే ఒక పరీక్ష చేయండి. ఏసీ నడుస్తుండగా బ్రేకరు దించి, ఐదు నిమిషాల తరువాత ఎక్కించండి. ఏసీ దానంతటదే పాత అమరికతో మొదలైతే సరే; థర్మోస్టాటు మళ్లీ నొక్కితే గాని మొదలుకాకపోతే, చిన్న అంతరాయం కూడా మీకు పెద్దదేనని లెక్క వేసుకోవాలి. పైకప్పు ఏసీ బయటి వేడి కంటే సుమారు ఇరవై డిగ్రీలు తగ్గించగలదని ఆర్వీ వాడేవారంతా చెబుతారు. బయట 105 ఉంటే లోపల 85 అన్నమాట. అందుకే స్థలం ఎంచుకునేటప్పుడు పొడవాటి పక్క పడమటి ఎండకు తగలకుండా బండిని నిలపాలి, ముందు అద్దానికి లోపలి నుంచి మెరిసే తెరలు వేయాలి, పైకప్పు గవాక్షాలకు దిండ్లు నొక్కాలి. జనరేటరు నడిపే వేళ కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందని బటను నొక్కి చూడడం మరచిపోవద్దు.

బీఎల్ఎం అనే సమాఖ్య భూముల్లో హుకప్‌లు లేకుండా ఉచితంగా ఉండవచ్చు. చాలా చోట్ల 28 రోజుల్లో 14 రోజులు పరిమితి. చలికాలంలో పశ్చిమ అరిజోనాలోని క్వార్ట్జ్‌సైట్ వంటి చోట్ల అది చక్కటి అనుభవం. పగలు 80 డిగ్రీలు దాటే రోజుల్లో మాత్రం కుక్క ఉన్నవారికి నేను దాన్ని సూచించను.

ఏడవ దశ: రోజును, రోడ్డును అమర్చుకోవడం

కుక్క నడక తెల్లవారుజామున, సూర్యాస్తమయం తరువాత. మధ్యాహ్నం ప్రయాణం లేదా నిద్ర. నడకకు ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించి ఏడు క్షణాలు ఉంచండి. ఉంచలేకపోతే కుక్క పాదం కూడా ఉంచలేదు. సూర్యుడు దిగాక గంటసేపటికి కూడా తారు వేడి వదలదు, మట్టిదారి అంతకన్నా త్వరగా చల్లారుతుంది. రోజుకు మామూలుగా 250 మైళ్లు మించకుండా, రెండు గంటలకోసారి ఆగుతూ వెళ్లాలి. ట్యాంకు సగానికి రాగానే నింపుకోవాలి.

దుమ్ము తుపాను ఎదురైతే అరిజోనా రవాణా శాఖ చెప్పే పద్ధతి ఒక్కటే: రోడ్డు నుంచి వీలైనంత దూరం పక్కకు దిగి, దీపాలన్నీ ఆర్పి, పార్కింగు బ్రేకు వేసి, పాదాన్ని బ్రేకు పెడలు మీద నుంచి తీసేయడం. వెనుక దీపం వెలుగుతుంటే వెనుక వచ్చేవాడు అదే దారి అనుకుని మిమ్మల్ని గుద్దుతాడు. ఐ-10 రహదారి మీద అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దు దాటి లార్డ్స్‌బర్గ్ చేరేదాకా ఈ ప్రమాదానికి పేరుమోసిన భాగం. నీళ్లు పారుతున్న వాగుకు అడ్డంగా పెట్టిన బారికేడును తప్పించుకుని దిగి ఇరుక్కుంటే రక్షణ ఖర్చును అరిజోనాలో మీ చేతే కట్టిస్తారు. ఆ చట్టానికి జనం పెట్టిన పేరే ‘మూర్ఖ వాహనదారు చట్టం’.

ఎనిమిదవ దశ: ముళ్లు, పాములు, వడదెబ్బ

మన పొలాల గట్ల మీద అరికాళ్లకు గుచ్చుకునే పల్లేరు కాయ ఇక్కడా ఉంది. గోట్‌హెడ్ అంటారు, మొక్క అదే. మన సర్కారు తుమ్మకు చుట్టమైన మెస్కీటు చెట్టు, నాగజెముడు కూడా అడుగడుగునా కనిపిస్తాయి. చోయా మాత్రం మనకు పూర్తిగా కొత్త. ఈ కాక్టస్ ముక్కలు తాకీ తాకగానే తెగి అంటుకుంటాయి కనుక దూకే చోయా అన్న పేరు వచ్చింది. ముళ్ల కొనలకు వెనక్కి తిరిగిన సన్నని కొక్కేలు ఉంటాయి, లాగినకొద్దీ పట్టుకుంటాయి.

బంటి పాదానికి నిమ్మకాయంత చోయా ఉండ అంటుకున్నప్పుడు అది చేసిన మొదటి పని నోటితో పీకబోవడం. అందుకే ఒకరు వెంటనే తలను చంకలో ఇరికించి పట్టుకోవాలి. రెండోవారు పెద్ద పళ్ల దువ్వెనను చర్మానికీ ఉండకూ మధ్య, ముళ్ల సందుల్లోకి దూర్చి, ఒకే ఊపున మనుషులు లేని వైపుకు విసరాలి. మెల్లగా లాగితే ఇంకా లోతుగా దిగుతుంది. ఉండ పోయాక చర్మంలో మిగిలిన ముళ్లను పట్టకారుతో గుచ్చుకున్న దిశలోనే నిటారుగా ఒక్కొక్కటే తీయాలి, వేళ్ల సందుల్లో దీపం వేసి చూడాలి. నోట్లోకి, నాలుక మీదకు వెళితే మీరు ప్రయత్నించకుండా వైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి. మత్తు ఇచ్చి తీయవలసి రావచ్చు.

ర్యాటిల్‌స్నేకులు ముఖ్యంగా మార్చి నుంచి అక్టోబరు వరకు తిరుగుతాయి, వేడి రోజుల్లో రాత్రిపూట. కాటు పడితే కోయడం, పీల్చడం, కట్టు బిగించడం, ఐసు పెట్టడం ఏదీ చేయకూడదు. కుక్కను వీలైతే నడిపించకుండా మోసుకుని బండిలో పడుకోబెట్టి, విషానికి విరుగుడు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. ప్రతి ఆసుపత్రిలో అది ఉండదు. అందువల్ల ప్రతి మజిలీకీ దగ్గరలోని ఇరవైనాలుగు గంటల పశువైద్యశాలకు ముందే ఫోను చేసి, విరుగుడు ఉందని రూఢి చేసుకుని, చిరునామా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాలి. వర్షాకాలంలో సోనోరన్ ఎడారి కప్పను నోట కరిస్తే తడిగుడ్డతో చిగుళ్లు తుడుస్తూ, నీళ్లు గొంతులోకి కాకుండా నోటి పక్క నుంచి బయటకు పారేలా కడిగి, వెంటనే వైద్యులకు చూపాలి. చిన్న కుక్కలను చీకట్లో లీషు లేకుండా తలుపు దాటనివ్వకండి. తోడేలు జాతికి దగ్గరి కయోటీలు క్యాంపుల చుట్టూనే తిరుగుతాయి.

కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీలు. ఆపకుండా రొప్పడం, చిక్కని చొంగ, చిగుళ్లు ఎర్రబారడం, తూలడం, వాంతులు వడదెబ్బ గుర్తులు. థర్మామీటరు 104 దాటితే అక్కడికక్కడే చల్లబరచడం మొదలుపెట్టి ఆ తరువాత ఆసుపత్రికి కదలాలి. ఒంటి మీద చల్లని నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేయాలి, 103 దగ్గరకు రాగానే నీళ్లు ఆపాలి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే అది వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది కనుక మార్చుతూ ఉండాలి. పైకి కోలుకున్నట్టు కనిపించినా లోపలి అవయవాల సంగతి పరీక్షలోనే తెలుస్తుంది.

తొమ్మిదవ దశ: మజిలీ వెంట మజిలీ

టూసాన్‌కు ఉత్తరాన క్యాటలీనా స్టేట్ పార్కులో విద్యుత్తు, నీరు ఉన్న స్థలాలు దొరుకుతాయి. లీషుతో చాలా దారుల్లో నడవవచ్చు గాని, కొండగొర్రెల సంరక్షణ కోసం పుష్ రిడ్జ్ ప్రాంతంలోకి కుక్కలను అనుమతించరు. హద్దు దగ్గర బోర్డు ఉంటుంది. ఇక్కడ రెండు రాత్రులు ఉండి బండికి, కుక్కకు అలవాటు పడండి.

అక్కడి నుంచి లాస్ క్రూసెస్ సుమారు 275 మైళ్లు. ఉత్తరాన ఉన్న హ్యాచ్ ఊరి మిరపకాయ న్యూమెక్సికోకు గుంటూరు మిరప వంటిది; కాల్చిన పచ్చిమిరప వాసన బంటికి తుమ్ములు, మాకు నోరూరింపు. మరునాడు యూఎస్-70 మీదుగా వైట్ శాండ్స్. పార్కులో ఆర్వీలు రాత్రి ఉండడానికి స్థలం లేదు. ఆలమగోర్డోకు దక్షిణాన ఆలివర్ లీ మెమోరియల్ స్టేట్ పార్కులో దిగితే కొండ నీడ కూడా దొరుకుతుంది. పక్కనే క్షిపణి పరీక్షా క్షేత్రం ఉన్నందున పరీక్షల వేళ రహదారిని, పార్కును కొంతసేపు మూసివేస్తారు. ముందు రోజే చూసుకోవాలి.

ఇక్కడి దిబ్బలు మామూలు ఇసుకవి కావు, జిప్సం అనే తెల్లని ఖనిజానివి. మామూలు ఇసుకలా వేడిని పట్టి ఉంచదు కనుక ఎండలో కూడా పాదాలకు చల్లగా తగులుతుంది. బంటి అంతగా గెంతిన చోటు ఇంకొకటి లేదు. ఆ చల్లదనమే మోసం చేస్తుంది కూడా. నేల కాలకపోయినా తల మీద ఎండ అదే ఎండ, నీడ లేదు, సందర్శకుల కేంద్రం దాటాక నీళ్లూ లేవు. 2015 ఆగస్టులో ఐదు మైళ్ల ఆల్కలీ ఫ్లాట్ దారిలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన దంపతులు ఎండకు చనిపోయారు, వెంట ఉన్న తొమ్మిదేళ్ల కొడుకు బతికాడు. కుక్కతో మీరు ఆ దారి పట్టవలసిన అవసరం లేదు; బండి కనిపించేంత దూరంలో సాయంత్రం అరగంట చాలు.

ఆలమగోర్డో నుంచి కారిజోజో దగ్గరి నల్లని లావా బండలు దాటి, ఐ-25 మీదుగా ఆల్బుకర్కీ, అక్కడి నుంచి ఐ-40 మీద పడమరకు పెట్రిఫైడ్ ఫారెస్ట్. ఉత్తర ద్వారం నుంచి ప్రవేశించి 28 మైళ్ల పార్కు రోడ్డు మీద దక్షిణంగా దిగి, హోల్‌బ్రుక్‌లో రాత్రి ఆగాలి. పార్కులో క్యాంపుగ్రౌండు లేదు, సాయంత్రమే ద్వారాలు మూస్తారు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం లోపు వెళ్లేవారు గడియారం చూసుకోవాలి: అరిజోనా గడియారాలు మార్చదు కనుక న్యూమెక్సికో అప్పుడు గంట ముందుంటుంది, మధ్యలో నవహో నేషన్ అనే ఆదివాసీల ప్రాంతం మాత్రం మార్చుతుంది. ఇరవై కోట్ల ఏళ్లు దాటిన చెట్లు రాయిగా మారి పడి ఉన్న ఈ నేలలో ఒక్క ముక్క కూడా తీసుకోరాదు. బ్లూ మీసా దారి మైలు పొడవే గాని దిగుడు నిటారుగా ఉంటుంది, ఉదయమే నడవాలి.

ఫ్లాగ్‌స్టాఫ్ దాటి కామెరాన్ మీదుగా తూర్పు ద్వారం నుంచి గ్రాండ్ కేనియన్‌లోకి వస్తే డెజర్ట్ వ్యూ రోడ్డు మీది వ్యూ పాయింట్లు దాదాపు అన్నీ సొంత బండిలోనే చూడవచ్చు. కుక్క ఉన్నవారికి ఇదే తగిన వైపు. పడమటి హెర్మిట్ రోడ్డు మార్చి నుంచి నవంబరు వరకు షటిల్ బస్సులకే పరిమితం, బస్సుల్లో కుక్కలను ఎక్కించరు. ట్రైలర్ విలేజ్‌లో పూర్తి హుకప్‌లు ఉన్నాయి, మేదర్‌లో లేవు. లోయలోకి కొంతదూరమైనా దిగాలన్న కోరిక ఉంటే ఆ పూటకు బంటిని కెన్నెల్‌లో వదులుతాము, ముందుగా మాట్లాడుకోవాలి. ఎల్క్ దుప్పులు గ్రామంలో రోడ్ల మీదే తిరుగుతాయి, లీషును చేతికి చుట్టుకోకుండా గట్టిగా పట్టుకోండి.

తిరుగు దారిలో ఐ-17 మీద ఫీనిక్స్‌కు దిగేటప్పుడు పొడవాటి వాలులు వస్తాయి. బ్రేకు మీదే పాదం ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి. ఏడువేల అడుగుల నుంచి కిందికి వస్తున్నందున బండిలో వేడి గంట గంటకూ పెరుగుతుంది; వెనుక క్రేటులో ఉన్న కుక్కకు ముందు ఏసీ గాలి చేరుతోందో లేదో ఒకసారి ఆగి చేత్తో చూడండి.

పదవ దశ: ఇంటికి వచ్చాక

బండిని తిరిగి ఇచ్చే ముందు మురుగు ట్యాంకులు ఖాళీ చేసి, సోఫా సందుల్లో బొచ్చు తీసి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. తరువాత నెలరోజుల పాటు కుక్కను గమనించాలి. ఈ నేలల మట్టిలో ఉండే కాక్సిడియాయిడ్స్ అనే శిలీంధ్రం దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి వ్యాలీ ఫీవర్ తెస్తుంది. నేల తవ్వి ముక్కు పెట్టే కుక్కలకు ఇది తేలికగా సోకుతుంది. దగ్గు, జ్వరం, తిండి మానడం, బరువు తగ్గడం, కారణం లేకుండా కుంటడం దీని లక్షణాలు. తరచుగా ఒకటి నుంచి మూడు వారాల్లో, ఒక్కోసారి ఎన్నో నెలల తరువాత బయటపడుతుంది. ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటదు. రక్త పరీక్షతో తేలుతుంది, మందు నెలల తరబడి వాడవలసి ఉంటుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చి వెళ్లినవారి ఊళ్లోని వైద్యులకు ఈ జబ్బు ఎప్పుడూ ఎదురుపడి ఉండకపోవచ్చు, దగ్గు చూసి మామూలు కెన్నెల్ దగ్గుగా తీసుకోవచ్చు. కాబట్టి ఏ తేదీల్లో ఏయే ఊళ్లలో తిరిగారో కాగితం మీద రాసి ఇచ్చి, వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని మీరే అడగాలి.